ఎత్తిన షట్టరు

పోయిన వారం మనం వకుళను ఏటొడ్డుపల్లె మొదట్లో, అంబులెన్సు లేపిన దుమ్ములో నిలబెట్టి వచ్చాం. తిరుపతి పెద్దాసుపత్రి నుంచి రూపశ్రీని తెచ్చిన బండి అది. ఏడో నెల కడుపుతో, పచ్చకామెర్లతో వెళ్ళిన పిల్ల కడుపులో బిడ్డతో సహా గుడ్డ కప్పుకొని తిరిగి వచ్చింది. అంతకుముందు సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. నీటి కాలుష్య నిఘా విభాగంలో ఇంజనీరుగా పనిచేసే వకుళ, చింతలేట్లోకి పులిసిన మామిడి నీళ్ళు వదులుతున్న గుజ్జు ఫ్యాక్టరీకి దగ్గరుండి సీలు వేయించింది. ఆనాడు పల్లె మొత్తం చప్పట్లు కొట్టింది. అంగన్‌వాడీ టీచరు రూపశ్రీ ఎదురొచ్చి ఆమెకు బొట్టు పెట్టింది. ఫ్యాక్టరీ మూతబడింది. ఏరు మాత్రం తేరుకోలేదు. వానలు పడి వెనకబట్టాక పల్లెలో కామెర్లు మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున్నే వకుళ మళ్ళీ పల్లెకు వచ్చింది. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. చిత్తూరు ఆఫీసులో కూర్చుంటే ఊపిరాడలేదు, అంతే. జీపును బడి దగ్గర ఆపించి దిగింది. బడి వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. పసుపు తిరిగిన కళ్ళతో ఆడా మగా గోడకు ఆనుకొని కూర్చున్నారు. సెలైను సీసాలు కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. ఆరోగ్య కేంద్రం డాక్టరు రెబెకా ఒకరి కనురెప్ప లాగి చూస్తూ, వకుళను గమనించి లేచి వచ్చింది. నిద్ర లేక ఆమె ముఖం పీక్కుపోయి ఉంది.

"మేడం, మీతో ఒక మాట చెప్పాల. నిన్నే చెప్పాల్సింది. శవం ముందర నోరు రాలేదు నాకు."

"చెప్పండి డాక్టర్."

"మామిడి నీళ్ళకు కామెర్లు రావు."

రెబెకా గొంతు తగ్గించింది. "గుజ్జు నీళ్ళు కలిస్తే చేపలు చస్తాయి, ఏరు కంపు కొడుతుంది, పైరు మాడిపోతుంది. ఈ కామెర్లు మాత్రం మురుగు తాగితేనే వస్తాయి. మనిషి మలం కలిసిన నీళ్ళు. యాడ కలస్తా ఉండాదో నాకు తెలీదు. అది మీరు చూసుకోవాల్సిన పని. కడుపుతో ఉండే ఆడబిడ్డలకు ఇది మామూలు జబ్బు కాదు మేడం. ఈ ఊర్లో ఇంకా ఇద్దరుండారు, నెలలు నిండతా ఉండేవాళ్ళు."

ఇది వకుళకు తెలియని శాస్త్రం కాదు. కాలేజీలో చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ ఫ్యాక్టరీ కాలువ ఎర్రగా నురగలు కక్కుతుంటే ఆమె కళ్ళకు ఇంకేదీ ఆనలేదు. కామెర్లని విన్నప్పుడు కూడా ఆ పాత విషమే ఇంకా ఏట్లో మిగిలి ఉందనుకుంది. ఎగువన పాలకోన పట్నం ఉంది. పట్నం మురుగంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. ఆ శుద్ధి కేంద్రాన్ని చూసుకునే మున్సిపల్ ఇంజనీరు త్రివిక్రమ్ ఆమెకు తోడబుట్టిన అన్న. వండి పెట్టిన చేతిని ఎవరైనా అనుమానిస్తారా? ఆమె కూడా ఏనాడూ అటు తిరిగి చూడలేదు.

"వీళ్ళు ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"ఏటి బోరువే. ఇంకేముండాయి? మునుపు ఫ్యాక్టరీవాళ్ళు ఊరి నోరు మూయించను రోజూ ఒక ట్యాంకరు తోలేవాళ్ళు. సీలు పడినాక అది రావడం ఆగిపొయింది. కాంచి తాగండి అని చెప్తా ఉండాను. ఎంతమంది కాస్తారు?"

వకుళ కాళ్ళు వాటంతటవే రూపశ్రీ ఇంటివైపు నడిచాయి.

భారతమ్మ వసారాలో కూర్చొని ఉంది. రూపశ్రీకి అత్త. కోడలిని కూతురని చెప్పుకొని తిరిగిన మనిషి. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. ఆమె కొడుకు మునిప్రసాద్ గోడవారన మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని కూర్చున్నాడు. అతను గుజ్జు ఫ్యాక్టరీలోనే బాయిలరు దగ్గర పనిచేసేవాడు. సీలు పడిన రోజున పని పోయినా, "మా యావిడ చెప్పినాక నేనేం మాట్లాడేది మేడం" అని నవ్విన మనిషి. ఇవాళ తల ఎత్తలేదు.

వకుళను చూడగానే భారతమ్మ లేచింది. ఎంత దుఃఖంలో ఉన్నా గడప తొక్కిన మనిషికి చెంబుడు నీళ్ళివ్వడం ఆ చేతులకు అలవాటు. లోపలికి పోయి చెంబు నింపి తెచ్చింది.

"తాగు మేడమ్మా. ఎండన పడి వచ్చినావు."

వకుళ చెంబు అందుకుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసన లేదు, రంగు లేదు. అంత అమాయకంగా ఉన్న నీళ్ళను ఆమె ఎన్నడూ చూడలేదు. వసారాలో ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆమె రెండడుగులు వేసి చెంబులో నీళ్ళు వాకిట్లో పారబోసింది.

చావు జరిగిన ఇంట ఇచ్చిన నీళ్ళు పారబోయడమంటే ఆ పల్లెలో ఎంత మాటో వకుళకు తెలియకపోలేదు.

"మా ఇంట్లో నీళ్ళు తాగకూడదా మేడమ్మా?" భారతమ్మ గొంతులో కోపం లేదు. అర్థంకాని బాధ మాత్రమే ఉంది.

"అది కాదమ్మా... ఆ నీళ్ళు మంచివి కావు. మీరెవరూ తాగొద్దు. కాచకుండా ఎవరూ నోట పెట్టొద్దు. కామెర్లు ఆ బోరు నీళ్ళతోనే వస్తున్నాయి."

భారతమ్మ ఆమెను తేరిపార చూసింది. తర్వాత నిదానంగా, చిన్నపిల్లకు గుర్తుచేసినట్టు చెప్పింది. "నువ్వే గదమ్మా తాగమనింది. ఫ్యాక్టరీకి బీగం ఏసిన దినం మా రూప అడిగినాది. ఇంక ఏటి బోరు నీళ్ళు తాగచ్చా మేడం అని. నువ్వు నగతా చెప్పినావు, ఇంక భయం లేదు, తాగచ్చు అని. ఆ మాట పట్టుకొని ఆ బిడ్డ ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చినాది. ట్యాంకరు రాకపోతే ఏమి, మన ఏరు మనకొచ్చింది అనినాది. నాకు జ్ఞాపకం ఉండాది గదా."

ఆ మాటల్లో నింద కోసం వకుళ వెతికింది. ఉంటే బాగుండుననిపించింది. తిట్టినా, చీపురు తిరగేసినా నిలబడగలిగేది. ఆ ముసలామె మాత్రం ఏ మాట నమ్మాలో తెలియక, నిజంగానే ఆమెను అడుగుతోంది.

"ఇప్పుడు తాగొద్దంటా ఉండావు. సరే, తాగం. మరి ఏం తాగేది?"

"సాయంత్రంలోపల ట్యాంకరు వస్తుందమ్మా. నేను తెప్పిస్తాను" అని మాత్రం అనగలిగింది వకుళ. చెంబును అరుగు మీద పెట్టి, వీధిలోకి వచ్చి అన్నకు ఫోను చేసింది.

"అన్నా, ఏటొడ్డుపల్లెకు ఒక ట్యాంకరు కావాలి. ఇవాళే కావాలి. నువ్వెక్కడున్నావు?"

"మురుగు ప్లాంటు కాడ ఉండా. ట్యాంకరేగదా, పంపిస్తాలే."

"నేనే వస్తున్నా. మాట్లాడాలి."

"నువ్వు... నువ్వెందుకురా పాపా ఇంత దూరం? ఈడంతా బురద. ఆఫీసుకు పో, నేనే అక్కడికొస్తా."

ఇరవై ఏళ్ళ కిందట ఆమెను ఇంజనీరింగ్ కాలేజీలో చేర్పించడానికి సైకిలు మీద బస్టాండుకు తీసుకెళ్ళిన గొంతు అది. ఆ గొంతులో తడబాటును ఆమె కనిపెట్టకుండా ఎలా ఉంటుంది? ఫోను పెట్టేసి, డ్రైవరుతో ఏటి గట్టు మీదుగానే పోనిమ్మంది.

గట్టు వెంబడి ఎగువకు పోతుంటే ముందు ఫ్యాక్టరీ వచ్చింది. గేటుకు తను వేయించిన సీలు అలాగే ఉంది. బయట రోడ్డు పక్కన రైతులు పారబోసిపోయిన తోతాపురి కాయలు కుళ్ళి నల్లబడి కుప్పలుగా ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి ఏట్లోకి దిగే కాలువ ఎండిపోయి, బీటలు వారి ఉంది. చుక్క నీరు లేదు. అయినా కింద ఏరు నల్లగా పారుతూనే ఉంది. కంపు తగ్గకపోగా, ముందుకు పోయేకొద్దీ ముక్కు బద్దలయ్యేలా పెరిగింది. ఈ గట్టున ఫ్యాక్టరీ దాకా ఆమె ఎన్నోసార్లు వచ్చింది. దాన్ని దాటి ఒక్కసారీ పోలేదు.

శుద్ధి కేంద్రం ప్రహరీ వెనక ఆమె జీపు దిగింది. అక్కడ గోడ కింద నుంచి సిమెంటు కాలువ ఒకటి నేరుగా ఏట్లోకి దిగుతుంది. వానలప్పుడు పొంగే నీళ్ళ కోసమని కట్టిన దారి. దాని మీద ఇనుప షట్టరు ఉంది. మామూలుగా దిగి ఉండాల్సిన షట్టరు పైకంటా ఎత్తి ఉంది. దాని కింద నుంచి పట్నం మురుగు మొత్తం, ఏ శుద్ధీ లేకుండా, గుడ్డపేలికలతో, ప్లాస్టిక్ కవర్లతో, చెప్పరాని మిగతావాటితో, చింతలేట్లోకి దుముకుతోంది. షట్టరు తిప్పే చక్రానికి సాలెగూడు పట్టింది. నిన్నో మొన్నో ఎత్తింది కాదది.

గోడ ఎక్కి చూస్తే లోపల పెద్ద తొట్లు ఖాళీగా పడి ఉన్నాయి. అడుగున ఎండిన బురదలో గడ్డి మొలిచింది.

"వద్దంటే వచ్చేసినావు."

త్రివిక్రమ్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నుదుట పొద్దున దిద్దుకున్న తిరుచూర్ణం చెమటకు చెదిరింది. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. తండ్రి శఠగోపంగారు గుడి గోష్ఠిలో పాశురాలు చదువుతూ చదువుతూ ఒకనాడు ఒరిగిపోతే, పై చదువు మానుకొని మున్సిపాలిటీలో చేరి చెల్లెల్ని చదివించినవాడు. ఆమెకు నాయన రూపం మసకబారింది. ఆ చోట ఎప్పుడూ ఈ ముఖమే ఉండేది.

"ఎప్పటి నుంచి అన్నా?"

"జూన్లో ముసురు పట్టింది చూడు, అప్పుటి నుంచి."

"ఎవరు ఎత్తినారు?"

"నేనే." అతను షట్టరు వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు. "వాననీళ్ళు లోపలికొచ్చి మోటార్లు మునిగిపొయినాయి. గాలి కొట్టే మిషన్లు కాలిపొయినాయి. మురుగు ఎనక్కి తన్నింది. ప్రసూతి ఆసుపత్రి ఎనక కాలనీ ఉండాది గదా, వాళ్ళ ఇండ్లలోకి మోకాలి లోతు వచ్చేసినాది. బాలింతలు పడుకుండే వార్డులోకి వచ్చేస్తా ఉండాది. ఏం చేసేది చెప్పు? షట్టరు ఎత్తినా. నీళ్ళు తీసేసినాయి. ఆ పూట కాలనీవాళ్ళు నా చేతులు పట్టుకొని ఏడ్చినారు."

"ఆ పూట సరే. తర్వాత?"

"మోటార్లు కావాలని రాసినా. కమిషనరు పైకి రాసినాడు. పైవాళ్ళు ఇంకా పైకి రాసినారు. టెండరు పిలుస్తామన్నారు. ఒకసారి ఎవరూ రాలేదు, ఇంకోసారి రద్దు చేసినారు. ఈ ప్లాంటు కట్టింది పట్నం సగం ఉండినప్పుడు. మోటార్లు బాగున్నప్పుడే సగం మురుగు పట్టేది. మీ విభాగంవాళ్ళకు తెలీదా? ఏటా చూసిపోతారే. ఏటా బాగుండాదని రాసిపోతారే."

అది నిజమే. ఈ ప్లాంటు తనిఖీకి వకుళను ఎన్నడూ వేయలేదు, సొంత అన్న పనిచేసే చోటని. వేరేవాళ్ళు వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. ప్రైవేటు ఫ్యాక్టరీని చూసినంత కటువుగా తోటి ప్రభుత్వ ఆఫీసును ఎవరు చూస్తారు?

"అన్నా, షట్టరు ఎత్తినందుకు నేను నిన్నేమీ అనను. నీ చోట ఉంటే నేనూ ఎత్తేదాన్నేమో. కానీ కింద ఊరుంది. ఏటి ఇసకలో బోరుంది. ఒక్క ఫోను చేసుంటే చాలు గదా. నీళ్ళు తాగొద్దని దండోరా వేయించేదాన్ని. బోరుకు బీగం వేసేదాన్ని. ఎందుకు చెప్పలేదు?"

త్రివిక్రమ్ గోడ మీద చెయ్యి ఆనించాడు. "ఇసకలో ఇంకుతాయి గదా అనుకున్నా పాపా. చిన్నప్పుడు స్వర్ణముఖిలో చెలమ తీసి నీకు నీళ్ళు తాపేవాణ్ణి. గుర్తుండాదా? పైన పశువులు దిగినా చెలమలో నీళ్ళు తేటగా ఊరేవి. ఇసక కడిగేస్తుందిలే అని..."

"నువ్వు ఇంజనీరువి అన్నా."

ఆ మాటకు అతను మళ్ళీ చెలమ పేరు ఎత్తలేదు.

"పై నుంచి చెప్పినారు, గమ్మునుండమని. పట్నాలకు శుభ్రత ర్యాంకులిచ్చే బృందం వస్తా ఉండాది, పేపర్లకు ఎక్కనీయొద్దు అనినారు. అంతవరకు వాళ్ళ తప్పే. ఆ తర్వాత మాత్రం నాదే." అతను తల ఎత్తాడు. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. "నువ్వు ఫ్యాక్టరీకి సీలు వేసినావు. పేపర్లో నీ ఫోటో వచ్చింది. ఏటిని కాపాడిన ఆడబిడ్డ అని రాసినారు. మీ వదిన దాన్ని కత్తిరించి పూజ గదిలో పెట్టింది. పల్లెలో కామెర్లని విన్నా. ఫ్యాక్టరీ విషమే అని అందరూ అంటా ఉంటే... ఊపిరి పీల్చుకున్నా పాపా. అబద్ధమని తెలిసీ పీల్చుకున్నా. నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. నీ మాట తప్పని ఊరంతా తెలుస్తుంది. ఎట్ల చెప్పేది?"

వకుళకు ఏడుపు రాలేదు. గుండెలో ఏదో చెట్టు వేళ్ళతో సహా పెకిలినట్టయింది. ఇన్నాళ్ళూ తనను ఎత్తుకొని నడిపించిన చేతులు తన అబద్ధపు గొప్పను కూడా అలాగే ఎత్తుకొని కాపాడాయి. దాని కింద ఒక పల్లె పడి ఉంది.

"నిన్న రూపశ్రీని పూడ్చినారు అన్నా. అంగన్‌వాడీ టీచరు. ఏడో నెల. బిడ్డను తియ్యనుకూడా లేకపొయినారు."

త్రివిక్రమ్ ఉన్నచోటనే, ఆ బురదలోనే, గొంతుక్కూర్చున్నాడు. "కడుపుతో ఉండినాదా?" అని ఒక్కటే అడిగాడు. ఎన్నిసార్లు అడిగాడో అతనికే తెలియలేదు. అక్కడ బాలింతలున్న ప్రసూతి వార్డును కాపాడానని నమ్మిన మనిషి.

ఆమె అన్న భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. వేస్తే ఇక వెళ్ళలేనని ఆమెకు తెలుసు.

"ట్యాంకరు పంపు అన్నా" అని మాత్రం చెప్పి జీపెక్కింది.

దారిలో తన పై అధికారి గిరిప్రసాద్‌కు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు, నిట్టూర్చాడు.

"అయ్యో పాపం. సరేమ్మా, నోటీసు పంపుదాం. జవాబు చెప్పుకోడానికి గడువిద్దాం."

"ఫ్యాక్టరీకి గడువివ్వలేదు గదా సార్. పొద్దున పోయి మధ్యాహ్నానికి సీలు వేసినాం."

"అది ప్రైవేటు. దాన్ని మూస్తే గుజ్జు ఆగుతుంది. మున్సిపాలిటీని మూస్తే ఏం ఆగుతుంది? ఊరి మురుగు ఆగుతుందా? ప్రభుత్వం మీద ప్రభుత్వం ఎట్ల కేసు పెట్టేదమ్మా? రాసుకుంటాం, రాసుకుంటానే ఉంటాం. ఇంకో సంగతి. నివేదిక పైకి పొయ్యేవరకు నువ్వు పల్లెలో ఏమీ మాట్లాడొద్దు. ఊరు తగలబడుతుంది. ఆపైన అతను నీ అన్న. నీ మేలు కోరే చెప్తా ఉండా."

"అన్న కూడా ఇదే విన్నాడు సార్, గమ్మునుండమని" అంది వకుళ. అటువైపు నుంచి జవాబు వచ్చేలోపల ఫోను పెట్టేసింది.

సాయంత్రం ఎండ వాలేవేళకు మున్సిపాలిటీ ట్యాంకరు పల్లెలోకి వచ్చింది. త్రివిక్రమ్ ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. బిందెలతో జనం మూగారు. నెలలు నిండిన ఒక పిల్ల బిందె చంకన పెట్టుకొని వరసలో నిలబడి ఉంటే, వకుళ పోయి ఆ బిందె తీసుకొని ముందు నింపి ఇచ్చింది. తర్వాత బడి మెట్లెక్కి నిలబడింది. రెబెకా సూది మందు పక్కన పెట్టి ఆమె దగ్గరగా వచ్చి నిలుచుంది.

"అందరూ ఒకసారి వినండి." వకుళ బిందెల చప్పుడును మించి గొంతు పెంచింది. "మీకు కామెర్లు ఫ్యాక్టరీ వల్ల రాలేదు. ఫ్యాక్టరీ ఏటిని పాడుచేసింది, అది నిజం. కానీ మీ బోరులో కలిసింది పాలకోన మురుగు. అక్కడ శుద్ధి చేసే మిషన్లు చెడిపోయి, వానాకాలం మొదట్లోనే షట్టరు ఎత్తి ఏట్లోకి వదిలేశారు. ఇంకా వదులుతూనే ఉన్నారు. ఆ సంగతి మా విభాగం కనిపెట్టాలి. కనిపెట్టలేదు. మున్సిపాలిటీ మీకు చెప్పాలి. చెప్పలేదు. నేను తాగమని చెప్పాను. ఆ నీళ్ళే రూపశ్రీ తాగింది."

బిందెల చప్పుడు ఆగిపోయింది. ట్యాంకరు కుళాయి ఎవరూ కట్టకపోయేసరికి నీళ్ళు నేల మీద ధారగా పోతున్నాయి. వెనక నుంచి ఎవరో బూతు మాట అన్నారు. ఒక ఆడమనిషి, "అంటే పట్నంవాళ్ళది మా బిడ్డలకు తాపినారా?" అని అరిచి, నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది.

భారతమ్మ జనాన్ని తప్పించుకొని మెట్ల దగ్గరకు వచ్చింది. వకుళ ముఖంలోకి చూసింది. ఆ మెట్టు మీదనే కూలబడింది. "తెలిసినోళ్ళు ఒగ మాట చెప్పుంటే... ఒగ్గ మాట..." అని మాత్రం తనలో తాను అనుకోసాగింది.

అప్పుడు, పొద్దుటి నుంచి నోరు విప్పని మునిప్రసాద్ ముందుకు వచ్చాడు. ముఖం కట్టెలా ఉంది. కేకలు వేయలేదు.

"ఆ షట్టరు ఎత్తినాయప్ప ఎవురు మేడం?"

"అది... ఒక్కరి తప్పు కాదు మునిప్రసాద్."

"ఒక్కరిదని నేననలా. చక్రం తిప్పింది ఒగ చెయ్యేగదా. పేరుండాదా ఆ చేతికి?"

రెబెకా వకుళ మోచెయ్యి పట్టుకుంది, వద్దన్నట్టు. వకుళకు గిరిప్రసాద్ మాట గుర్తొచ్చింది. బురదలో గొంతుక్కూర్చున్న అన్న కళ్ళముందు మెదిలాడు. ఈ ఒక్క పూటకు తెలియదని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఎదురుగా ఉన్న మనిషి, తన భార్యనూ బిడ్డనూ ఒకే గుంటలో పెట్టి వచ్చినవాడు. అతనికి ఇంకొక అబద్ధం చెప్పడానికి ఆమె నోరు ఒప్పుకోలేదు.

"త్రివిక్రమ్" అంది. "మున్సిపల్ ఇంజనీరు. నా తోడబుట్టిన అన్న."

ఆ మాట జనంలో నిప్పులా పాకింది. కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పటికే మోటారు సైకిళ్ళ దగ్గరకు పరుగెత్తారు. "పాలకోనకు పదండ్రా!" అని ఎవరో అరిచారు. వకుళ మెట్లు దిగి వాళ్ళకు అడ్డం పోబోయింది.

అంతలో ఊరి మొదట్లో ఒక స్కూటరు వచ్చి ఆగింది. దాన్ని నడిపి వచ్చిన మనిషి దిగి, చెప్పులు అక్కడే విడిచి, వట్టి కాళ్ళతో జనం వైపు నడిచి రాసాగాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద. చేతిలో ఏమీ లేదు, వెంట ఎవరూ లేరు.

"అన్నా, రావొద్దు!" వకుళ గొంతు చించుకొని అరిచింది.

అతను ఆగలేదు. మునిప్రసాద్, బడి పక్కింటి గోడకు చేరేసి ఉన్న పారను చేతిలోకి తీసుకున్నాడు.